కొత్త ఉద్యోగం, కొత్త ఊరు: బయలుదేరే ముందు మనం చూసుకోవాల్సిన లెక్కలు

ఒంగోలులో పద్దెనిమిది వేల జీతం. బెంగళూరు నుంచి ముప్పై రెండు వేలకు ఆఫర్. చేరడానికి వారం రోజుల గడువు. వెళ్లాలా, వద్దా?

మా పాఠకుల్లో చదువుకున్న యువతీ యువకులు ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో తరచూ అడుగుతుంటారు. ఊళ్లు మారతాయి, అంకెలు మారతాయి. సలహా ఇచ్చేవాళ్లు మాత్రం దాదాపు ఒకే మాట చెబుతారు: జీతం ఎక్కువ వస్తోంది కదా, వెళ్లు. దళిత కుటుంబానికి ఈ లెక్క అంత తేలిగ్గా తెగదు. రాష్ట్రం హద్దు దాటితే కొన్ని హక్కులు మన వెంట వస్తాయి, కొన్ని ఊళ్లోనే ఉండిపోతాయి. ఏవి వస్తాయో, ఏవి రావో తెలుసుకుని వెళ్లడం వేరు, వెళ్లాక తెలుసుకోవడం వేరు. ఆ వివరాలను ఒకచోట పెడుతున్నాం.

బరోడాలో పదకొండు రోజులు

ఉద్యోగం కోసం ఊరు మారిన దళితుడి కథల్లో అందరికీ తెలిసినది అంబేడ్కర్‌దే. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. ఆ మాట ప్రకారమే 1917లో బరోడా చేరారు. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనరుగా పని దొరికింది. దొరకనిది ఇల్లు. హిందూ హోటళ్లలో కులం అడుగుతారని తెలుసు. చివరికి రోజుకు రూపాయిన్నర ఇచ్చే లెక్కన ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరుతో దిగారు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు మిత్రులను అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. రాత్రి బొంబాయి రైలు దాకా ఆయన కామాఠీ బాగ్ అనే తోటలో కూర్చున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసుకున్నారు.

పాత కథను ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆయన చేతిలో ఉద్యోగం ఉంది, డిగ్రీలు ఉన్నాయి, సంస్థానాధీశుడి అండ ఉంది. ఉద్యోగం ఇచ్చినవాడు ఇల్లు ఇవ్వలేదు. ఇప్పటి ఆఫర్ లెటర్లు కూడా అంతే. కాబట్టి కొత్త ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, ఎక్కడ ఉంటాం అని.

ఢిల్లీలోనూ దాని చుట్టుపక్కల నగరాల్లోనూ అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. దళితుల పేర్లతో, ముస్లింల పేర్లతో ఇల్లు అడిగితే లేదనడమో, ఇచ్చినా గట్టి షరతులు పెట్టడమో ఎక్కువగా జరుగుతుందని అది చూపించింది. తెలుగు ఊళ్లలో ఇది మరో రూపంలో ఎదురవుతుంది. టూలెట్ బోర్డు చూసి తలుపు తడితే ముందు ఇంటిపేరు అడుగుతారు. అది చాలకపోతే "ఏ ఊరు, మీరేమిటోళ్లు?" అంటారు. బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని ఉంటే ఆ ప్రశ్న అడిగే శ్రమ కూడా ఉండదు.

చట్టం ఇక్కడ ఎంతవరకు వస్తుందో తెలుసుకోవాలి. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల వంటి చోట్ల వివక్షను నిషేధిస్తుంది. సొంత ఇంటిని అద్దెకు ఇచ్చే యజమానిని అది పేరుపెట్టి ప్రస్తావించదు. కాబట్టి కులం తెలిసి "ఇల్లు ఇవ్వను" అన్నవాడి మీద కేసు నిలబెట్టడం కష్టం. అద్దెకు దిగాక కులం తెలిసి వెళ్లగొడితే సంగతి వేరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జడ్) ప్రకారం ఎస్సీ వ్యక్తిని తన ఇల్లు, ఊరు, నివాసం వదిలిపోయేలా చేయడం నేరం. నలుగురి ముందు కులం పేరుతో తిడితే 3(1)(ఆర్), (ఎస్) ఉన్నాయి. అందుకే మొదటి రోజు నుంచే రాతపూర్వక అద్దె ఒప్పందం ఉండాలి. అద్దె చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపాలి. మీరు అక్కడ నివసిస్తున్నారనడానికి రేపు అవే సాక్ష్యం.

పేరు దాచుకుని ఇల్లు తీసుకున్నవాళ్లను మేము తప్పుపట్టం. అంబేడ్కరే అలా దిగాల్సి వచ్చింది. అయితే దాచుకున్న పేరుతో ఎన్నాళ్లు ఉంటామన్నదీ ఆ కథే చెబుతుంది. కుటుంబాన్ని వెంటనే తీసుకెళ్లకుండా ఒకటి రెండు నెలలు హాస్టల్లోనో, తెలిసినవాళ్లతోనో ఉండి ఇల్లు వెతుక్కోవడం మేలు. బ్యాంకుల్లో, రైల్వేలో, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘాలు దాదాపు ప్రతి నగరంలో ఉన్నాయి. బ్రోకరు చెప్పని మాట, ఏ బస్తీలో ఎవరు ఇల్లిస్తారన్నది, వాళ్లు చెబుతారు.

హద్దు దాటితే సర్టిఫికెట్ ఏమవుతుంది

చాలామంది పొరబడేది ఇక్కడే. 341వ అధికరణం ప్రకారం ఎస్సీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రం రిజర్వేషన్లు రావు. ఈ సూత్రం స్థిరపడింది తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి కేసులోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తించిన తెగకు చెందిన తండ్రి ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చి 1978లో బొంబాయి వెళ్లారు. కొడుకు అక్కడే చదువుకున్నాడు. మెడికల్ సీటు దగ్గర మహారాష్ట్ర కోటా కాదన్నారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1990లో సుప్రీంకోర్టు కూడా కాదనే తేల్చింది. ఉద్యోగం కోసం ఊరు మారింది తండ్రి. కోటా పోయింది కొడుక్కి.

రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే కులం పేరు ఉన్నా ఫలితం మారదు. మాల, మాదిగ కులాలు కర్ణాటక జాబితాలో కూడా ఉన్నాయి. అయినా ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన మాదిగ యువకుడికి కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగంలో ఎస్సీ కోటా వర్తించదు. పేరు పెట్టే తీరు కూడా రాష్ట్రానికో రకం. లంబాడాలు తెలుగు రాష్ట్రాల్లో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు.

2018 ఆగస్టు 30న బీర్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్నే మళ్లీ ఖాయం చేసింది. కేంద్ర ప్రభుత్వ సర్వీసుల్లో మాత్రం రిజర్వేషన్ దేశమంతటా వర్తిస్తుందని చెప్పింది. అంటే రైల్వే, బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం మీ సొంత మండల తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ ఎక్కడున్నా పనికొస్తుంది. దాన్ని కేంద్రం నిర్దేశించిన నమూనాలో తీసుకోవాలి.

రెండో సంగతి చాలామందికి ఊరట. బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన మీ సొంత రాష్ట్రంలో ఎస్సీ హోదా పోదు. అక్కడ పనిచేస్తూనే ఇక్కడి గ్రూప్-2కు ఎస్సీ కోటాలో దరఖాస్తు చేయవచ్చు. ప్రైవేటు రంగంలో ఎలాగూ రిజర్వేషన్ లేదు కాబట్టి, ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఈ విషయంలో నష్టం పెద్దగా ఉండదు. నష్టం పిల్లలకు.

పుట్టిన పిల్లలకు తండ్రి సర్టిఫికెట్ ఆధారంగా కొత్త రాష్ట్రంలోనూ కుల ధ్రువీకరణ ఇస్తారు. కానీ అందులో తండ్రి సొంత రాష్ట్రం పేరే ఉంటుంది. కేంద్ర కోటాకు అది పనికొస్తుంది, ఆ రాష్ట్ర కోటాకు పనికిరాదు. మరోపక్క మన రాష్ట్రంలో పిల్లల 'లోకల్' హోదా వాళ్లు ఏ బడిలో చదివారన్న దాన్నిబట్టి ఉంటుంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం చదివిన జిల్లాను చూస్తుంది. ఆ ఏళ్లు బెంగళూరులో గడిస్తే పిల్లవాడు అక్కడ ఎస్సీ కాడు, ఇక్కడ లోకల్ కాడు. రెండు వైపులా అడ్డుగోడ పడుతుంది. తల్లిదండ్రులు దీన్ని ఇంటర్ అయ్యాక, కౌన్సెలింగ్ రోజున తెలుసుకోవడం మేము చూస్తూనే ఉన్నాం. పిల్లలు చిన్నవాళ్లయితే ఉద్యోగం మూడేళ్లదా, స్థిరపడేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

2014 జూన్ 2 తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్ రావడం కూడా ఈ లెక్కలో రాష్ట్రం దాటడమే. పైగా 2025 నుంచి రెండు రాష్ట్రాల్లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. కాబట్టి ఒకే కులానికి కృష్ణకు అటు ఒక కోటా, ఇటు ఒక కోటా. బిహార్ విభజన మీద 2021లో పంకజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఆ ఉద్యోగి బిహార్‌లో గానీ జార్ఖండ్‌లో గానీ రిజర్వేషన్ కోరవచ్చని, రెండుచోట్లా ఒకేసారి కుదరదని చెప్పింది. అది బిహార్ పునర్విభజన చట్టం మీద వచ్చిన తీర్పు. మన రెండు రాష్ట్రాలకూ అలాగే వర్తిస్తుందని ఎవరైనా చెబితే వకీలును అడక్కుండా నమ్మవద్దు.

అత్యాచారాల నిరోధక చట్టం విషయంలో కూడా ఇదే అనుమానం ఉండేది. వలస వెళ్లిన రాష్ట్రం జాబితాలో మన కులం లేకపోతే చట్టం రక్షణ ఉంటుందా? ఆ చట్టం రక్షణను సొంత రాష్ట్రానికే పరిమితం చేయకూడదని బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ 2023లో చెప్పింది. పోలీస్ స్టేషన్లో "నీ సర్టిఫికెట్ ఆంధ్రది" అని తిప్పి పంపితే ఈ తీర్పును ముందు పెట్టండి.

ఊళ్లో వదిలి వెళ్లేది

భూమి ఉన్నవాళ్లు ముందు అది ఏ రకం భూమో చూసుకోవాలి. మన కుటుంబాల్లో చాలావరకు ఉన్నది అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అంటే 9/77, అమ్మకాన్నే కాదు, తాకట్టును, కౌలును కూడా బదిలీగానే చూస్తుంది. "నేను పట్నం పోతున్నా, ఎకరం మీరు చేసుకోండి" అని ఊరి మోతుబరికి నోటిమాటగా అప్పగిస్తే మూడేళ్ల తర్వాత అది ఎవరి చేతిలో ఉంటుందో మన పల్లెల్లో చెప్పనక్కర్లేదు. ఆ మోతుబరే రేపు "వీళ్లు సాగు చేయడం లేదు" అని అర్జీ పెట్టగలడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు వెసులుబాటు ఇచ్చింది. అది మీ సర్వే నంబరుకు వర్తించిందో లేదో రికార్డులో చూసుకోకుండా ధైర్యపడవద్దు. వెళ్లేముందు ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో భూభారతి పోర్టల్‌లో పేరు, విస్తీర్ణం సరిచూసుకుని కాగితం తీసి పెట్టుకోండి. సాగు ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉండాలి. ఎవరైనా ఆక్రమించి దున్నితే అది రెవెన్యూ తగాదా మాత్రమే కాదు. ఎస్సీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగుచేయడం అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఎఫ్), (జి) కింద నేరాలు.

కోర్టులో కేసు నడుస్తున్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండపై ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసి నిందితులను విడిచిపెట్టింది. పదహారేళ్లు సాక్షులు ఒకేచోట కదలకుండా ఉండాలని ఎవరూ అడగలేరు. ఆ కేసులో దళితులు పట్టుబట్టి కోర్టునే ఊళ్లో పెట్టించుకున్నారు. ఇప్పుడు చట్టంలో దారి ఉంది. 1995 నిబంధనల్లో 11వ నిబంధన బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, దినభత్యం ఇవ్వాలంటుంది. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ సాక్షుల రక్షణను, అవసరమైతే మరోచోటికి తరలించడాన్ని కూడా ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. కాబట్టి కేసు ఉందని ఉద్యోగం వదులుకోవద్దు, ఉద్యోగం వచ్చిందని కేసు వదలొద్దు. కొత్త చిరునామాను పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వెళ్లండి. సమన్లు పాత చిరునామాకు వెళ్లి తిరిగొస్తే లాభపడేది నిందితులే.

రేషన్ సంగతి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఆధార్ వేలిముద్రతో ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. అది జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డులకే. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డులకు పొరుగు రాష్ట్రంలో ఆ సౌకర్యం లేదు. మీది ఏ రకమో డీలరును అడిగితే చెబుతాడు. అమ్మకు వచ్చే పింఛను ఊళ్లోనే ఇస్తారు కాబట్టి ఆమెను వెంట తీసుకెళ్లేముందు అది కూడా లెక్కలో వేసుకోవాలి.

జీతం లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. ఒంగోలులో 18,000 జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ పోను 16,000 చేతికొస్తుంది. ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఖర్చు 6,000 అనుకుంటే మిగిలేది 10,000. బెంగళూరులో 32,000లో చేతికొచ్చేది 30,000 అనుకుందాం. అద్దె 10,000, తిండి 6,000, బస్సు, ఫోను 3,000, నెలకోసారి ఇంటికి రానుపోను 2,000. మిగిలేది 9,000. పైగా ముందుగా కట్టాల్సిన అడ్వాన్స్ ఉంది. బెంగళూరులో ఆరు నుంచి పది నెలల అద్దె అడగడం మామూలే. ఆ డబ్బు వడ్డీకి తెస్తే మొదటి ఏడాది మిగులులో చాలాభాగం ఆ అప్పు తీర్చడానికే పోతుంది.

జీతం దాదాపు రెట్టింపు, మిగిలేది వెయ్యి తక్కువ. ఇంకోటి ఎవరూ చెప్పరు. ఈఎస్ఐ 21,000 లోపు జీతాలకే. ఒంగోలు ఉద్యోగంలో మీతోపాటు మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం ఉంటుంది. 32,000 ఉద్యోగంలో అది ఉండదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో ఆఫర్ మీద సంతకం పెట్టకముందే అడగండి. పీఎఫ్‌కు మాత్రం ఇబ్బంది లేదు, యూఏఎన్ నంబరు అదే కొనసాగుతుంది. కొత్త ఖాతాలోకి పాత సొమ్ము మార్పించుకోవాలి, మధ్యలో తీసేయకూడదు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి.

అయితే వద్దా? మా అభిప్రాయం దాచుకోం. ఒంటరిగా ఉండి, అప్పు లేకుండా అడ్వాన్స్ కట్టగలిగితే వెళ్లమనే చెబుతాం. మిగులు ఈరోజు ఒకటే కావచ్చు, మూడేళ్ల అనుభవం తర్వాత రెండు ఊళ్ల జీతాలు ఒకలా ఉండవు. డబ్బు లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంది. మన ఊళ్లో మనం ఏం చదివినా ఫలానా పేట వాళ్లమే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని కీర్తించేవాళ్లను నిలదీశారు. ఊరు ఆయన దృష్టిలో సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవు. 1985 జూలై 17న కారంచేడులో దాడి జరిగాక ప్రాణాలు దక్కించుకున్న దళితులు చీరాల చేరి, మళ్లీ ఆ ఊరికి పోమని అక్కడే కాలనీ కట్టుకున్నారు. అది తరిమేస్తే కదలడం. మన చేతిలో ఆఫర్ లెటర్ పట్టుకుని, మనం ఎంచుకుని కదలడం వేరు.

ఆడపిల్లకు ఆఫర్ వచ్చినప్పుడు ఇంట్లో వేసే లెక్క మళ్లీ మారిపోతుంది. అన్నయ్యకు అయితే అడగని ప్రశ్నలన్నీ ఆమెను అడుగుతారు. పెద్దల భయం ఉత్తదేం కాదు, కానీ ఆ భయానికి జవాబు హాస్టలు, ఆఫీసు క్యాబ్, తెలిసిన ఒక కుటుంబం ఫోన్ నంబరు. ఆఫర్ వదులుకోవడం కాదు. సంస్థలో పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో చేరిన వారంలోనే తెలుసుకోవాలి.

విదేశీ ఆఫర్ల గురించి విడిగా రాయాలి. ఒక్క మాట మాత్రం చెబుతాం. సముద్రం దాటితే కులం ఉండదనుకోవద్దు. అమెరికాలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో చట్టం చేయాల్సి వచ్చింది.

వారం గడువు విషయానికి వస్తే, చేరే తేదీని పదిహేను రోజులు వెనక్కి జరపమని అడగడంలో తప్పు లేదు. చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఆ పదిహేను రోజుల్లో కేంద్ర నమూనాలో కుల సర్టిఫికెట్‌కు మీసేవలో లేదా సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. పిల్లలుంటే బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు తరగతులవారీగా తీసుకోండి, తర్వాత అడిగితే రిజిస్టరు దొరకదంటారు. పాస్‌బుక్, పట్టా జిరాక్సులు రెండు సెట్లు చేయించి ఒకటి ఇంట్లో, ఒకటి వెంట ఉంచుకోండి. ఓటును ఫారం-8తో కొత్త చోటికి మార్చుకోవచ్చు. మీ పేట నుంచి ఎస్సీ రిజర్వుడ్ వార్డులో పోటీకి నిలబడే ఆలోచన ఉంటే మాత్రం దాన్ని ఊళ్లోనే ఎలా ఉంచుకోవాలో బీఎల్‌ఓను అడిగాకే కదలండి. ఓటరు నమోదుకు ఆధారం సాధారణ నివాసం కాబట్టి, ఏళ్ల తరబడి ఊళ్లో లేనివాళ్ల పేరు మీద ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు.